విరమణ పత్రం మీద సంతకానికి ముందు

ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో అధిక భాగం భవిష్యనిధి, గ్రాట్యుటీ, గృహనిర్మాణ ఋణం, పిల్లల చదువులు మొదలైన వాటిని గురించి ఉంటాయి. వాటికి నియమావళి చూచి సమాధానం వ్రాస్తే సరిపోతుంది. ఈ మాసం కోల్‌కతా నుండి వచ్చిన ఒక ఉత్తరానికి నియమావళిలో సమాధానం లేదు. వ్రాసినవారు ఒక ఉద్యోగి భార్య. ఆమె మాటలలోనే చదవండి:

“మా వారికి 46 సంవత్సరాలు. స్టోర్సు విభాగంలో 22 ఏళ్ళ సర్వీసు అయినది. యూనిట్‌లో సిబ్బంది అవసరానికి మించి ఉన్నారని, త్వరలో వి.ఆర్.ఎస్. ప్రకటిస్తారని అందరూ అనుకుంటున్నారు. వస్తే తీసికొని, ఆ సొమ్ముతో ఐ.టి. కోర్సు చేసి సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరాలని మా వారి సంకల్పం. సాల్ట్ లేక్‌లోని ఒక శిక్షణ సంస్థవారు ఆరు మాసాల కోర్సుకు రెండు లక్షలు అడిగినారు. ఉద్యోగం గ్యారంటీ అని చెప్పినారట. పెద్దమ్మాయి పదకొండవ తరగతి, అబ్బాయి ఏడవ తరగతి. కాదంటే ఆయన ఉత్సాహం మీద నీళ్ళు చల్లినదాన్నవుతాను. ఔనంటే ఇల్లు ఏమవుతుందో తెలియదు. ఏమి చెప్పమంటారు?”

మన కార్యాలయ పరిభాషలో ఇటువంటి ఉద్యోగికి ‘మిగులు సిబ్బంది’ అని పేరు. పెళ్ళి పందిరిలో విస్తళ్ళు మిగిలినవంటే అర్థమున్నది. 22 ఏళ్ళు బిన్ కార్డులు వ్రాసి, ఏ బేరింగు ఏ అరలో ఉన్నదో కళ్ళు మూసుకొని చెప్పగల మనిషి మిగిలినాడనడంలో ఏదో లోపమున్నది. ఆ మాటను పుట్టించినవారు దానిని తమకు అన్వయించుకొని చూచి ఉండరు.

ఈ ప్రశ్న కోల్‌కతా నుండి రావడం ఒక విధంగా సముచితమే. మన దేశంలో డిజిటల్ కంప్యూటరు తొలిసారి అడుగు పెట్టినది ఆ నగరంలోనే. దానికి గట్టిగా అడ్డు నిలిచినదీ ఆ నగరమే. ప్రశాంతచంద్ర మహలనోబిస్ స్థాపించిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు 1955లో బ్రిటన్ నుండి హెచ్.ఇ.సి.-2ఎం అనే యంత్రం వచ్చినది. తరువాత 1958లో సోవియట్ యూనియన్ నుండి ఉరాల్ వచ్చినది. 1966 నాటికి ఆ సంస్థ, జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం కలిసి స్వయంగా ఒక కంప్యూటరును నిర్మించి, ఇసిజు-1 అని పేరు పెట్టినవి.

ఆ ఇన్‌స్టిట్యూట్‌తో మన తెలుగువారికి ఒక అనుబంధమున్నది. కల్యంపూడి రాధాకృష్ణారావుగారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితశాస్త్రం చదివి, పరిశోధనకు అవకాశం దొరకక, సైనిక సర్వే విభాగంలో ఒక గణితజ్ఞుని ఉద్యోగం కోసం కలకత్తా వెళ్ళినారు. ఆ ఉద్యోగం రాలేదు. బసలో పరిచయమైన ఒక వ్యక్తి ద్వారా ఇన్‌స్టిట్యూట్ సంగతి తెలిసి, 1941 జనవరిలో అక్కడ శిక్షణకు చేరినారు. అటు తరువాత ఆయన ప్రపంచ ప్రఖ్యాత గణాంకశాస్త్రజ్ఞులైనారు. 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి పొంది, అదే సంవత్సరం 102వ ఏట కన్నుమూసినారు. ఒక ద్వారం మూసుకుంటే మరొకటి తెరచుకున్నదని చెప్పడానికి ఈ వృత్తాంతాన్ని మన సభలలో తరచు వాడుతూ ఉంటారు. అయితే ఆనాడు ఆయనకు ఇరవై ఏళ్ళు. ఫీజు కట్టవలసిన కుమార్తె లేదు, ఖాళీ చేయవలసిన క్వార్టరు లేదు. మన సోదరి భర్తకు ఈ కథ ధైర్యం చెప్పవచ్చును గాని దారి చూపదు.

ఇన్‌స్టిట్యూట్‌లో కంప్యూటరు లెక్కలు కడుతున్న కాలంలోనే, అదే నగరంలో జీవిత బీమా ఉద్యోగులు ఇలాకో హౌస్ అనే భవనం చుట్టూ రాత్రింబవళ్ళు కాపలా కాసినారు. 1960ల ద్వితీయార్ధంలో బీమా సంస్థ అక్కడ కంప్యూటరును నెలకొల్పబూనగా, ఆ యంత్రం లోపలికి రాకుండా చూచుటకే ఆ కాపలా. ఆనాడు అది అక్కడ పనిలోకి రానేలేదు. ఆటోమేషన్ విషయమై ప్రభుత్వం ఆచార్య వి.ఎం. దండేకర్ అధ్యక్షతన కమిటీని నియమించవలసి వచ్చినది. ఈ సంఘటనను నేడు పరిహాసంగా చెప్పుకొనేవారున్నారు. నాకు ఆ పరిహాసం రుచించదు. పాలసీ పద్దులు, ప్రీమియం నోటీసులు చేతితో వ్రాసి కుటుంబాలను పోషించుకొంటున్నవారు, ఆ పనినంతా ఒక గదిలోని యంత్రం చేయగలదని విని కలవరపడడంలో అవివేకమేమీ లేదు. వారి అంచనా తప్పు కాదు. కాలం విషయంలోనే తేడా వచ్చినది. 1983లో బ్యాంకు యాజమాన్యాలు, ఉద్యోగ సంఘాలు ఒప్పందం చేసుకొని యంత్రాలను పరిమితంగా అనుమతించినవి. కంప్యూటరు మెల్లమెల్లగా బల్లల మీదికి చేరినది. 2000–01లో ప్రభుత్వరంగ బ్యాంకులు వి.ఆర్.ఎస్. ప్రకటించినపుడు సుమారు లక్షమంది ఉద్యోగులు ఒక్కసారిగా బయటికి నడిచినారు.

బి.ఎస్.ఎన్.ఎల్. సంగతి మరింత ఇటీవలిది. 2019లో 50 ఏళ్ళు నిండినవారికి పథకం ప్రకటిస్తే 78,000 మందికి పైగా ఎంచుకొన్నారు. 2020 జనవరి 31న వారందరికీ అది చివరి పనిదినమైనది.

వెళ్ళినవారి కథలు ఇవి. నిలిచి ఉన్నవారి కథ కూడ ఒకటి తెలిసికోవలెను. అసన్‌సోల్ సమీపాన రూప్‌నారాయణ్‌పూర్‌లో 1952లో స్థాపించిన హిందుస్థాన్ కేబుల్స్ మన పాఠకులకు కొత్త కాదు. హైదరాబాదులోనూ ఆ సంస్థకు కర్మాగారముండేది. దేశంలోని టెలిఫోను తీగలలో అధికభాగం ఒకనాడు ఆ సంస్థ రాగితో చేసినవే. గాజుపోగు తీగలు వచ్చినవి, ఆపై చేతిఫోను వచ్చినది. 2003 జనవరి నుండి ఆ సంస్థలో ఉత్పత్తి నిలిచిపోయినది. మూసివేతకు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపినది 2016 సెప్టెంబరులో. మధ్యలో పదమూడేళ్ళకు పైగా గడచినవి. 2003లో 46 ఏళ్ళున్నవాడికి 2016 నాటికి 59 నిండినవి. ఆ సంవత్సరాలలో పునరుద్ధరణ ప్రణాళికల మాటలు విన్నారు, జీతం బకాయిలకై ఎదురు చూచినారు. ఏ సంతకమూ చేయకుండా కూర్చుండడం కూడ ఒక నిర్ణయమేనని, దానికీ వెల ఉన్నదని ఇక్కడ గ్రహించవలెను. కావున ‘ఎట్టి పరిస్థితిలోనూ వి.ఆర్.ఎస్. వద్దు’ అని ఆ సోదరికి నేను వ్రాయజాలను.

ఇక లెక్కలకు వద్దాము. కేంద్ర ప్రభుత్వరంగ సంస్థలలో వి.ఆర్.ఎస్.కు 1988 అక్టోబరులో వచ్చిన ఉత్తర్వు పునాది. పూర్తి చేసిన ప్రతి సంవత్సరానికి 45 రోజుల వేతనం, లేదా మిగిలిన సర్వీసు కాలానికి రావలసిన వేతనం, ఏది తక్కువైతే అది అన్నది ఆనాటి సూత్రం. 2000 మే మాసంలో వచ్చిన ఉత్తర్వులో ‘గుజరాత్ పద్ధతి’ చేరినది: గడచిన ప్రతి సంవత్సరానికి 35 రోజులు, మిగిలిన ప్రతి సంవత్సరానికి 25 రోజులు. సంస్థను బట్టి పథకంలో భేదాలుంటాయి గనుక మన యూనిట్ ప్రకటన వెలువడిన తరువాత దానినే ప్రమాణంగా తీసికొనవలెను. ఉదాహరణకు మాత్రం ఈ పద్ధతిలో ఒక లెక్క వేద్దాము.

సర్వీసు 22 ఏళ్ళు, 60 ఏళ్ళ విరమణకు మిగిలినవి 14 ఏళ్ళు. 770 రోజులు, 350 రోజులు కలిపి 1,120 రోజులు. మూలవేతనం, కరువుభత్యం కలిసి నెలకు 60,000 రూపాయలనుకొని, నెలను 30 రోజులుగా లెక్కిస్తే సుమారు 22 లక్షల 40 వేలు. ఒక్కసారి ఇంత మొత్తాన్ని మనవంటి వేతన జీవులు చూచి ఎరుగరు. చూడగానే భాగ్యరేఖ మారినట్లు తోచడం సహజం. కాని అది 37 నెలల జీతం మాత్రమే. మిగిలి ఉన్న సర్వీసు 168 నెలలు. ఆ మొత్తంలో 5 లక్షల వరకే ఆదాయపు పన్ను మినహాయింపు. తక్కినది ఆ సంవత్సరపు ఆదాయంలో కలుస్తుంది. పన్ను సంగతి మరచి మొత్తమంతా ఏడు శాతం వడ్డీకి పెట్టినా నెలకు వచ్చేది 13,000 రూపాయలు. గ్రాట్యుటీ, భవిష్యనిధి వేరుగా వస్తాయి, నిజమే. అయితే 46 ఏళ్ళ వయసులో విడిచినవారికి ఉద్యోగుల పింఛను పథకం క్రింద 50 నిండేవరకు ఏమీ రాదు. 58కి ముందు తీసికొంటే ఏటికి నాలుగు శాతం చొప్పున తగ్గుతుంది. క్వార్టరు ఖాళీ చేస్తే అద్దె మొదలవుతుంది. వైద్యసదుపాయం పూర్వంవలె ఉంటుందో లేదో పథకంలో చదివి చూచుకోవలెను.

అమ్మా, ఈ లెక్కను మీరూ మీ భర్తగారూ ఒకే కాగితం మీద, ఒకే దీపం క్రింద కూర్చుండి వేయవలెనని నా మనవి. మన ఇళ్ళలో జీతం పత్రాన్ని జేబులో మడిచి పెట్టుకొనే అలవాటు ఇంకా పోలేదు. ఇంటి నెల ఖర్చు ఎంతో ఖచ్చితంగా తెలిసినవారు మీరు. రావలసిన మొత్తం తెలిసినవారు ఆయన. రెండూ కలిస్తే గాని ఎన్ని నెలలు నిలువగలరో తేలదు. కనీసం 24 నెలల ఇంటి ఖర్చు, అమ్మాయి కళాశాల ప్రవేశానికి కావలసిన సొమ్ము వేరుచేసి, దానిని ఎవ్వరూ తాకకూడదని నిశ్చయించుకోండి. విరమణ సొమ్ము వచ్చిన ఇంటికి సలహాదారులు చాలామంది వస్తారు. బెంగాలులో 2013లో కూలిన శారదా సంస్థ, మన వైపు అగ్రిగోల్డు, రెండూ అధిక రాబడి ఆశ చూపి సామాన్యుల పొదుపును ఊడ్చుకొనిపోయినవే.

పునఃశిక్షణ సంగతి ప్రభుత్వాలు పట్టించుకోలేదని కాదు. 1992లో జాతీయ పునరుద్ధరణ నిధిని ఏర్పరచినపుడు ఉద్దేశం ఉదాత్తమైనదే: సంస్కరణల వలన పని పోయినవారికి మరొక పని నేర్పడం. ఆచరణలో ఆ నిధి ఎక్కువగా వి.ఆర్.ఎస్. చెల్లింపులకే పోయినది, నేర్పడానికి మిగిలినది స్వల్పం. 2001–02 నుండి ప్రభుత్వరంగ సంస్థల శాఖ సలహా, పునఃశిక్షణ, పునర్నియోగ పథకాన్ని నడిపినది. 2020 నాటి పారిశ్రామిక సంబంధాల స్మృతి 2025 నవంబరు 21న అమలులోకి వచ్చినది. రిట్రెంచ్‌మెంటుకు గురైన కార్మికునికి పునర్నైపుణ్య నిధి నుండి 15 రోజుల వేతనం ఇవ్వవలెనని అందులో ఉన్నది. పదిహేను రోజుల వేతనంతో నేర్వగల విద్య ఏదో ఆ స్మృతిని రచించినవారే చెప్పవలెను. పైగా అది తొలగింపుకు గురైనవారికి. స్వచ్ఛందంగా వెళ్ళేవారిది వేరు దారి. కాబట్టి నేర్చుకొనే భారం మన మీదనే ఉన్నదనుకొని నడవడం క్షేమం.

ఇప్పుడు అసలు విషయం. మీ భర్తగారు చేరదలచిన రంగం ఎటువంటిది?

సాల్ట్ లేక్ సెక్టార్ ఫైవ్‌లోని అద్దాల భవనాలను బస్సు కిటికీలోనుండి చూచినవారికి అక్కడి కుర్చీలు శాశ్వతమైనవని తోచవచ్చును. అక్కడా పెద్ద కార్యాలయాలున్న టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ 2025 జూలైలో ప్రపంచవ్యాప్తంగా తమ సిబ్బందిలో సుమారు రెండు శాతం, అనగా 12,000 మందికి పైగా, తగ్గిస్తామని ప్రకటించినది. అందులో మధ్య, ఉన్నత స్థాయి అనుభవజ్ఞులే ఎక్కువని ప్రకటించినది కూడ ఆ సంస్థయే. సాధారణ ప్రోగ్రాములు వ్రాయడం, సరిచూడడం వంటి పనులలో చాలభాగం నేడు కృత్రిమ మేధ చేస్తున్నది. ఇలాకో హౌస్ దగ్గర గుమాస్తాలు అడిగిన ప్రశ్ననే నేడు ప్రోగ్రామర్లు అడుగుకొంటున్నారు. అందువలన ‘ఐ.టి. ఒడ్డు చేరితే చాలు’ అన్న భావనతో బయలుదేరరాదు. అది కూడ నదియే.

మరి ఆరు మాసాల కోర్సు చేసిన 46 ఏళ్ళ మనిషి, కళాశాలనుండి అప్పుడే వెలువడిన 22 ఏళ్ళ పిల్లలతో పోటీపడి ప్రోగ్రామరు కొలువుకు నిలువగలడా? నిలిచినవారు లేరనను. కాని ఆ పోటీలో ఆయన తన 22 ఏళ్ళ అనుభవాన్ని గేటు బయట వదలి, చేతులు ఊపుకుంటూ వెళ్ళినట్లవుతుంది. అక్కడ ఆయన విలువ సున్న. వయసు మాత్రం 46. ఈ బేరం నాకు సమ్మతం కాదు.

ఒక ఉదాహరణ చెప్పుతాను. రైల్వే రిజర్వేషన్లను కంప్యూటరులోకి ఎక్కించినది ప్రభుత్వరంగ సంస్థగా ఉన్నకాలపు సి.ఎం.సి. 1980ల నడుమ ఢిల్లీలో ఆరంభమై తక్కిన మహానగరాలకు వ్యాపించినది. ఆ ప్రోగ్రాములో ఉన్నదేమిటి? ఏ స్టేషనుకు ఎంత కోటా, వెయిటింగు లిస్టు ఎలా కదులుతుంది, ఆర్.ఎ.సి. ఎప్పుడు పక్కగా మారుతుంది, ఎవరికి ఏ రాయితీ, రద్దుకు ఎంత కోత. ఇవన్నీ యంత్రం రాకముందు నుండి కౌంటరు వెనుక గుమాస్తాల పెద్ద రిజిస్టర్లలో, వారి బుర్రలలో ఉన్నవే. ప్రోగ్రాము వ్రాయడం తెలిసినవారు దేశంలో ఎక్కడైనా దొరుకుతారు. రద్దీ కాలంలో ఒక బెర్తు ఎన్ని చేతులు మారుతుందో తెలిసినవాడు కౌంటరు వెనుకనే దొరుకుతాడు. టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ పుట్టుక కూడ ఇటువంటిదే. మిల్లులకు సరుకులు సరఫరా చేసే ఒక వ్యాపారి తన పద్దులకు తగిన సాఫ్ట్‌వేర్ దొరకక కుమారుని చేత వ్రాయించినది అది, 1986లో వెలువడినది. నేడు మన దేశంలో దాని పేరు తెలియని గుమాస్తా లేడు.

మీ భర్తగారు స్టోర్సు మనిషి. ఆయనకు తెలిసిన విద్య ఏమిటో ఆయనకే తెలియకపోవచ్చును. సరుకు వచ్చినపుడు తనిఖీ పత్రం, స్వీకరణ పత్రం, సరఫరాదారు బిల్లు మూడూ ఎక్కడ పొసగవో ఆయనకు తెలుసు. ఒకే బోల్టుకు ఇద్దరు ఇంజనీర్లు రెండు కోడ్ నంబర్లు పెట్టించి, ఒక అరలో నిల్వ ఉండగా మరొకటి కొనిపించడం ఆయన చూచి ఉంటారు. కదలని సరుకు ఎంత, దాని మీద తుప్పు పట్టిన పెట్టుబడి ఎంత, వార్షిక తనిఖీనాడు ఏ సంఖ్యలు ఎలా సర్దుబాటవుతాయో తెలుసు. ఏ సంస్థలోనైనా కొత్తగా ఇ.ఆర్.పి. పెట్టినపుడు మొదటి ఏడాది కష్టాలన్నీ ఇక్కడనే. ఎస్.ఎ.పి. వంటి ఇ.ఆర్.పి. సాఫ్ట్‌వేర్‌లలో సరుకుల నిర్వహణకు ప్రత్యేక భాగమే ఉన్నది. దానిని అమర్చే బృందాలకు ప్రోగ్రామర్లతో పాటు ‘ఈ లెక్క ఇలా ఉండజాలదు’ అని చెప్పగల మనిషి కావలెను. కృత్రిమ మేధ కోడ్ వ్రాసి ఇచ్చినపుడు ఆ మాట చెప్పగలవాని అవసరం తగ్గదు. నా అంచనాలో పెరుగుతుంది.

ఇంకొక దారి ఇంకా దగ్గరలో ఉన్నది. ప్రభుత్వ కొనుగోళ్ళకు 2016లో జెమ్ పోర్టల్ వచ్చినది. మన సంస్థలు ఇప్పుడు టెండర్లన్నీ కంప్యూటరు మీదనే పిలుస్తున్నవి. హౌరాలోని చిన్న ఫౌండ్రీ యజమానికి పోత పోయడం తెలుసు. సాంకేతిక బిడ్డు ఎక్కడ, ధర బిడ్డు ఎక్కడ, ఏ ధ్రువపత్రం లేకపోతే బిడ్డు తెరువకుండానే పడిపోతుందో తెలియదు. బల్లకు అవతలి వైపు 22 ఏళ్ళు కూర్చున్న మనిషి ఆ పని నలుగురు యజమానులకు చేసిపెట్టగలడు. సెక్టార్ ఫైవ్ అద్దాల భవనం కాకపోవచ్చును, కాని ఇది కూడ ఐ.టి. తెలిసిన ఉద్యోగమే. ఒకటి జ్ఞాపకముంచుకోవలెను: విడిచిన సంస్థతోనే వ్యవహారం నడపడానికి విరమణానంతర నిబంధనలేమైనా అడ్డు వస్తాయేమో ముందే చదువుకోవలెను.

ఇతర విభాగాల పాఠకులు తమకు తామే ఇటువంటి లెక్క వేసుకొనగలరు. ఎలక్ట్రీషియనుకు పి.ఎల్.సి., స్కాడా దగ్గర. రాగితీగ అతుకులు వేసిన చేతికి గాజుపోగు అతకడం దగ్గర. అకౌంట్సువారికి 2017 జూలైలో జి.ఎస్.టి. వచ్చిన నాటినుండి పని కొరత లేదు.

శిక్షణకు రెండు లక్షలు పోయవలసిన అగత్యం లేదు. ఉద్యోగం గ్యారంటీ అన్న మాటను నేను ఏ అమీర్‌పేట బోర్డు మీద చూచినా, సాల్ట్ లేక్ కరపత్రంలో చూచినా నమ్మను. ఉద్యోగం ఇచ్చేవాడు ఆ సంస్థ కాదు గదా, గ్యారంటీ ఎవరిది? కేంద్ర ప్రభుత్వ సంస్థయైన నీలిట్‌కు, పూర్వం డోయక్ అనేవారు, కోల్‌కతాలో కేంద్రమున్నది. సి-డాక్ కూడ అక్కడ ఉన్నది. ఐ.ఐ.టి.ల ఆచార్యులు బోధించే ఎన్.పి.టి.ఇ.ఎల్. పాఠాలు, 2017లో మొదలైన స్వయం వేదిక మీది పాఠాలు ఉచితంగా వినవచ్చును. పరీక్ష వ్రాసి ధ్రువపత్రం కావలెనంటే స్వల్ప రుసుము. ముందు ఎక్సెల్ బాగా రావలెను, తరువాత డేటాబేసు, ఎస్.క్యు.ఎల్. పైథాన్ వగైరా ఆ తరువాతి మాట. ఈ క్రమం తిరగవేసి, మొదటి రోజే కృత్రిమ మేధ కోర్సులో చేరి, మూడవ వారానికి మానుకొన్నవారిని నేను చూచినాను.

ఈ చదువంతా జీతం వస్తుండగానే మొదలుపెట్టవలెను. ఇదే నా సలహాకు కేంద్రం. నోటీసు బోర్డు మీద పథకం వెలువడకముందే రోజుకు రెండు గంటల చొప్పున ఆరు మాసాలు కూర్చుండి చూడమనండి. ఆఫీసులో ఇ.ఆర్.పి. విభాగానికి బదిలీ అడిగితే ఇంకా మంచిది. అక్కడ నేర్పే దానికి ఫీజు లేదు, పైగా జీతమిస్తారు. పరీక్షగా ఒక నిజమైన పని చేయమనండి. కాలనీ సహకార స్టోరు సరుకుల పద్దు ఇంకా పుస్తకంలో ఉంటే దానిని కంప్యూటరులోకి ఎక్కించి, మూడు నెలలు నడిపించి, నెలాఖరున నిల్వ సరిపోయేటట్లు చూపమనండి. ఆ మూడు నెలలలో ఆయనకు ఈ పని మీద ప్రీతి ఉన్నదో, కేవలం ఉన్న ఉద్యోగం మీద విసుగున్నదో మీకు ఇంట్లోనే తెలిసిపోతుంది. ఆరు మాసాలు నిలిచినవారు పథకం వచ్చిననాడు ధైర్యంగా సంతకం పెట్టవచ్చును. యూనిట్‌లో ఉత్పత్తి ఆగి, జీతాలు ఆలస్యమవుతూ ఉంటే మాత్రం ఇంతకాలం ఆగనవసరం లేదు. అప్పుడు సంతకం చేసి, చదువు, చిన్న ఉద్యోగం రెండూ కలిపి సాగించవలెను. రెండు సందర్భాలలోనూ మొదటి జీతం ఇప్పటి దానిలో సగమే రావచ్చునని ఇంట్లో అందరికీ ముందే చెప్పండి.

హైదరాబాదు వెళ్ళిపోతే ఐ.టి. ఉద్యోగం సులువని కొందరు బంధువులు అనవచ్చును. మీ పిల్లలు బెంగాలీ మాధ్యమపు స్నేహాలతో పెరిగినవారు. మీ భర్తకు అక్కడి సరఫరాదారులు, రవాణావారు, వారి భాష, వారి బేరసారాలు తెలుసు. తెలుగువారు ఆ గడ్డకు కొత్తవారు కారు. హుగ్లీ తీరపు జనపనార మిల్లులకు, ఖరగ్‌పూర్ రైల్వేకు శ్రీకాకుళం, గంజాం ప్రాంతాలనుండి వెళ్ళినవారి సంతతి నేటికీ అక్కడ ఉన్నది. ఈ పరిచయాలన్నీ విడిచి కొత్త నగరంలో, కొత్త అద్దెకు, కొత్త వృత్తిలో ఒకేసారి దిగడం మూడు పడవలలో కాలు పెట్టడమే.

సంతకం విషయంలో రెండు న్యాయపరమైన సంగతులు. దరఖాస్తు పెట్టినంత మాత్రాన విరమణ ఇవ్వవలెనన్న నియమం లేదు. నిరాకరించే హక్కును యాజమాన్యం తన వద్ద ఉంచుకొంటుంది, పనిమంతులను తరచు ఆపుతుంది కూడ. మనసు మారితే ఏమిటి అన్న ప్రశ్న బ్యాంకు ఉద్యోగుల విషయంలో సుప్రీంకోర్టు వరకు వెళ్ళినది. 2002 డిసెంబరులో బ్యాంక్ ఆఫ్ ఇండియా కేసులో ఇచ్చిన తీర్పులో, దరఖాస్తును ఉద్యోగి చేసిన ప్రతిపాదనగా భావించి, యాజమాన్యం ఆమోదించక ముందు ఉపసంహరించుకొనవచ్చునని, సొమ్ము అందుకొని అనుభవించినవారు మాత్రం వెనుకకు రాలేరని కోర్టు చెప్పినది. పథకం షరతులను బట్టి ఫలితం మారుతుంది గనుక ఈ తీర్పును చూచుకొని తేలికగా సంతకం చేయరాదు.

చివరగా కాగితాలు. వెళ్ళే ఉద్యోగి సర్వీసు సర్టిఫికెట్టులో ‘స్టోర్సు అసిస్టెంటు’ అన్న హోదా ఒక్కటే వ్రాయించుకొని బయటపడుతున్నారు. ఏ విభాగాలలో ఎన్నేళ్ళు, ఎంత విలువగల సరుకుకు బాధ్యత, ఇ.ఆర్.పి.లో ఏ లావాదేవీలు చేసినారు, ఏ శిక్షణలు పొందినారు, ఇవి స్పష్టంగా ఉండేటట్లు అడిగి వ్రాయించుకోండి. భవిష్యనిధి యు.ఎ.ఎన్. ఖాతాలో పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో సరిపోయినవో లేదో చూచుకోండి, నామినేషన్లు సరిచూడండి. సెలవుల ఖాతా నకలు, చివరి జీతం పత్రం, సహకార సంఘం బాకీ లేదన్న పత్రం తీసికొనండి. ఇవన్నీ విడుదల ఉత్తర్వు చేతికి రాకముందే పూర్తి కావలెను. తరువాత అదే విభాగానికి వెళితే సంతకం పెట్టవలసిన అధికారి కూడ వి.ఆర్.ఎస్. తీసికొని వెళ్ళిపోయి ఉండవచ్చును.

ఉద్యోగుల పింఛను పథకాన్ని గురించి ఈ మాసం వచ్చిన తక్కిన ఉత్తరాలకు వచ్చే సంచికలో సమాధానం.